నడుమ మెట్టు లేని నిచ్చెన

అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూల్ నింపడం పెద్ద విద్య కాదు. పొడి, ఖాళీ క్యాప్సూళ్ళు, నింపే యంత్రం, తేమ చేరని గది ఉంటే పని మొదలవుతుంది. ఏ దేశమైనా అలాంటి ఫ్యాక్టరీ త్వరగానే నిలబెట్టుకోగలదు, పెట్టె మీద తన పేరు అచ్చు వేసుకోగలదు. ఆ పొడి ఎక్కడిదని అడిగినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

అమాక్సిసిలిన్‌ చేయాలంటే ముందు 6-ఏపీఏ అనే రసాయనం కావాలి. దానికి ముందు పెన్సిలిన్-జీ కావాలి. పెన్సిలిన్-జీని రసాయనాలు కలిపి చేయరు, బూజు చేత చేయిస్తారు. లక్ష లీటర్లు, అంతకన్నా ఎక్కువ పట్టే ఉక్కు ట్యాంకుల్లో చక్కెర ద్రావణం, మొక్కజొన్నలు నానబెట్టిన నీటిని చిక్కబరిచిన ద్రవం, ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం పోసి, పెన్సిలియం బూజును వదిలి, సుమారు 25 డిగ్రీల దగ్గర వారం దాకా పెంచాలి. ఆ వారమంతా క్రిములు లేని గాలిని కంప్రెసర్లతో ఎక్కిస్తూనే ఉండాలి, కలియబెడుతూనే ఉండాలి, బూజు పుట్టించే వేడిని చల్లటి నీళ్ళతో లాగేస్తూనే ఉండాలి. కొద్ది నిమిషాలు కరెంటు పోతే బూజుకు ఊపిరాడదు. ట్యాంకులో గాలి ఒత్తిడి పడిపోతే బయటి క్రిములు చొరబడతాయి. పెన్సిలినేజ్ అనే ఎంజైమును విడిచే క్రిములు వాటిలో ఉంటే, తయారైన మందును అవే పాడుచేస్తాయి. ఇక ట్యాంకు మొత్తం పారబోయడమే. అందుకే పెన్సిలిన్-జీ ధరలో పెద్ద వాటా కరెంటుదీ, చక్కెరదీ, ఏళ్ళ తరబడి మెరుగుపరుచుకుంటూ వచ్చిన బూజు రకానిదీ.

భారతదేశానికి ఈ విద్య తెలియక కాదు. పింప్రిలోని హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ 1955లోనే పెన్సిలిన్ చేసింది. తర్వాత మరికొన్ని కంపెనీలు చేశాయి. 1990ల నుంచి సుంకాలు తగ్గాయి, చైనా నుంచి చవక సరుకు దిగింది, ప్లాంట్లు ఒకటొకటిగా మూతపడ్డాయి. మాత్రలు చేసే ఫ్యాక్టరీలు మాత్రం పెరుగుతూ పోయి ప్రపంచమంతా మందులు అమ్మాయి. 2020 నాటికి ఆ దేశం దిగుమతి చేసుకునే మందుల మూలపదార్థాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఒక్క చైనా నుంచే వస్తున్నాయి. ఆ ఏడాది ప్రభుత్వం ప్రోత్సాహక పథకం ప్రకటించాక కూడా, పెద్ద పెన్సిలిన్-జీ ప్లాంటు మళ్ళీ తెరుచుకునేసరికి 2024 అయింది. చేతికొచ్చిన విద్య పోగొట్టుకోవడానికి కొన్నేళ్ళు చాలాయి, తిరిగి తెచ్చుకోవడానికి ఒక తరం పట్టింది.

ప్రపంచీకరణా, స్వావలంబనా అన్న వాదం ఎప్పుడూ గుమ్మం దగ్గరే తిరుగుతుంటుంది. తలుపు తెరవాలని ఒకరు, మూయాలని ఇంకొకరు. తెరిచి బాగుపడిన దేశాలున్నాయి, తెరిచి చెడినవీ ఉన్నాయి. మూసిన దేశాల సంగతీ అంతే. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. వర్ధమాన దేశాల దెబ్బల్లో ఎక్కువ భాగం నిచ్చెనలో నడుమ మెట్లు లేకపోవడం వల్ల తగిలినవే. అడుగు మెట్టు గని, పొలం, చమురు బావి. పై మెట్టు కారు, ఫోను, మందు పెట్టె. ఈ రెండింటి నడుమ నూలు, అద్దకం, మిశ్రమ ఉక్కు, అచ్చులు, ఎంజైములు, పరీక్షా ప్రయోగశాలలు ఉంటాయి. ప్రభుత్వాల కళ్ళు కింది మెట్టు మీదా పై మెట్టు మీదా ఉంటాయి. సరఫరా ఆగిన రోజున ఫ్యాక్టరీ ఆగిపోయేది నడుమ మెట్టు దగ్గర.

సుంకాల పట్టికలో కనబడని లెక్క

నడుమ మెట్లు ఎందుకు ఖాళీగా మిగులుతాయో తెలియాలంటే చిన్న కూడికా తీసివేతా చాలు. ఒక ఫోను ప్రపంచ ధర 100 డాలర్లు అనుకుందాం. అందులో విడిభాగాల ఖర్చు 85. బిగించే ఫ్యాక్టరీ జోడించే విలువ 15. ప్రభుత్వం ఫోను దిగుమతి మీద 20 శాతం సుంకం వేసి, విడిభాగాలను సుంకం లేకుండా వదిలింది. ఇప్పుడు దేశంలో ఫోను 120కి అమ్ముడవుతుంది. విడిభాగాలు మాత్రం 85కే వస్తున్నాయి. బిగించేవాడికి మిగిలేది 35. బయటి ప్రపంచం 15 ఇచ్చే పనికి ఆ దేశపు కొనుగోలుదారులు 35 ఇస్తున్నారు. పట్టికలో కనబడే సుంకం 20 శాతం, బిగింపు పనికి నిజంగా దక్కిన రక్షణ 15 మీద అదనంగా 20, అంటే 133 శాతం.

ఇప్పుడు అదే ఫ్యాక్టరీ ఇంకాస్త తక్కువ పని చేస్తూ 90 డాలర్ల విడిభాగాలు తెప్పించుకుందనుకోండి. జోడించే విలువ 10. సుంకం అంతే ఉంది కాబట్టి చేతికొచ్చేది 30. రక్షణ 200 శాతానికి చేరింది. పని తగ్గేకొద్దీ రక్షణ పెరుగుతోంది! ఇలాంటి పట్టిక రాసిపెట్టి, విడిభాగాలు ఇక్కడే చేయండని కంపెనీలను బతిమాలితే ఎవరు వింటారు? విడిభాగాల మీద సుంకం వేయవద్దని అర్జీ పట్టుకొచ్చేది కూడా ఆ కంపెనీలే. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు, లెక్క వాళ్ళకు అదే చెబుతోంది.

తలకిందులైన పట్టికలూ ఉంటాయి. ఒక పంపుసెట్టు ప్రపంచ ధర 100, అందులో ఉక్కు, రాగి తీగ, బేరింగులు కలిపి 80. తయారైన పంపు మీద సుంకం 10 శాతం, ఈ సరుకుల మీద 15 శాతం. తయారీదారు 110కి అమ్ముతాడు, సరుకులకు 92 పెడతాడు, మిగిలేది 18. సుంకాలే లేకపోతే 20 మిగిలేది. స్వదేశీ తయారీదారుడి మీద స్వదేశీ ప్రభుత్వమే 10 శాతం జరిమానా వేసినట్టయింది. దీన్ని విలోమ సుంకం అంటారు. ఎవరూ కావాలని చేయరు. ఉక్కు వ్యవహారాలు చూసే శాఖ ఉక్కు మీద సుంకం కోరుతుంది, యంత్రాల శాఖకు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, ఆర్థిక శాఖకు ఆదాయం కావాలి. మూడు బల్లల మీద విడివిడిగా తేలిన అంకెలు ఒకే వస్తువు మీద పడతాయి.

దీనికి మందు సులువైనదే గానీ ఓపిక కావాలి. ఏటా బడ్జెట్‌కు ముందు ముఖ్యమైన పాతిక ముప్పై వస్తువుల గొలుసులను తీసుకుని, ప్రతి మెట్టు దగ్గరా పైన చేసిన లెక్కే చేయాలి. కంపెనీ ఇచ్చిన సరుకుల జాబితాను కస్టమ్స్ లెక్కలతో పోల్చి చూడాలి, ఎందుకంటే తనకు సుంకం తగ్గాల్సిన సరుకు వాటాను పెంచి చూపడం ప్రతి కంపెనీకీ అలవాటు. తర్వాత విడిభాగాల మీద సుంకాన్ని ఒకేసారి కాకుండా, ముందే చెప్పిన వరసలో పెంచాలి. భారతదేశం 2017లో ఫోన్ల విషయంలో ప్రకటించిన దశలవారీ కార్యక్రమంలో ఈ వరస కనబడుతుంది. ముందు చార్జరు, బ్యాటరీ ప్యాకు, ఇయర్‌ఫోను. తర్వాత మైక్రోఫోను, కీప్యాడు, యూఎస్‌బీ కేబులు. ఆ తర్వాత సర్క్యూట్ బోర్డు బిగింపు, కెమెరా మాడ్యూలు. చివరికి డిస్‌ప్లే. తేలికవి ముందు, కష్టమైనవి వెనక అన్న ఈ వరస సరైనదే. చిక్కల్లా ఎగుమతి దగ్గర వస్తుంది. విడిభాగం మీద కట్టిన సుంకం ఎగుమతిదారుకు వెంటనే తిరిగి రాకపోతే అతని పెట్టుబడి ప్రభుత్వ ఖజానాలో ఇరుక్కుంటుంది, పక్క దేశపు పోటీదారు ఆర్డరు పట్టుకుపోతాడు. వాపసు యంత్రాంగం సిద్ధం కాకుండా విడిభాగాల సుంకం ముట్టుకోకూడదు.

బిగింపు దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్వేగోలో చూడవచ్చు. 1972లో ప్రత్యేక చట్టం చేసి అక్కడి ఫ్యాక్టరీలకు పన్నుల మినహాయింపు ఇచ్చారు. అర్ధ శతాబ్దం గడిచింది. ఇప్పటికీ ఆసియా నుంచి విడిభాగాలు ఓడల్లో రావడం, అక్కడ టీవీలూ ఫోన్లుగా బిగించడం, వాటిని మళ్ళీ దాదాపు 3,000 కిలోమీటర్లు ఉత్తరానికి తీసుకొచ్చి బ్యునోస్ ఐరీస్ జనానికి ఎక్కువ ధరకు అమ్మడం. వేల కుటుంబాలు ఆ ఉద్యోగాల మీద బతుకుతున్నాయి కాబట్టి చట్టం తీసేయడమూ కష్టమే. మింగలేరు, కక్కలేరు.

గడువు

రక్షణ ఇవ్వడం తప్పు కాదు. కొరియా ఇచ్చింది, మలేషియా కూడా ఇచ్చింది. రెండు దేశాల సొంత కార్లూ మిత్సుబిషి సాంకేతికతతోనే మొదలయ్యాయి. హ్యుందాయ్ పోనీ 1975లో వచ్చింది, ఇంజిన్ మిత్సుబిషిది. మలేషియాలో ప్రోటాన్ 1983లో పుట్టింది, దాని మొదటి కారు సాగా 1985లో వచ్చింది, అదీ మిత్సుబిషి నమూనాయే. పోనీ రోడ్డెక్కిన మరుసటి ఏడే, 1976లో, ఈక్వెడార్‌కు ఎగుమతి అయింది. అది గొప్ప కారు కాదు. అయినా పరాయి రోడ్ల మీద, పరాయి కొనుగోలుదారు ముందు పెట్టి తప్పులు తెలుసుకున్నారు. 1965 నుంచి కొరియా దేశాధ్యక్షుడి సమక్షంలో నెలనెలా జరిగిన ఎగుమతి సమావేశాల్లో ప్రతి పరిశ్రమా తన అంకె చెప్పుకోవాల్సి వచ్చేది. చవక అప్పు ఎగుమతి లక్ష్యంతో ముడిపడి ఉండేది, లక్ష్యం తప్పినవారికి ఆ అప్పు దొరకడం కష్టమయ్యేది. 1991కి హ్యుందాయ్ ఆల్ఫా పేరుతో తన సొంత ఇంజిన్ చేసుకుంది. మొదటి కారు నుంచి మొదటి ఇంజిన్ దాకా 16 ఏళ్ళు. నడుమ మెట్టు ఎక్కడానికి నిజంగా పట్టే కాలం అది.

ప్రోటాన్‌కు దేశీయ మార్కెట్టులో గొడుగు పట్టారు గానీ, ఆ గొడుగు ఏ రోజున తీస్తారో ఎవరూ చెప్పలేదు. సొంత ఇంజిన్ వచ్చింది, అది 2004లో. అప్పటికే దేశీయ మార్కెట్టు చేజారుతోంది. 2017లో 49.9 శాతం వాటా చైనా కంపెనీ గీలీ చేతికి వెళ్ళింది. ఇద్దరికీ రక్షణ దొరికింది. ఒకరికి ప్రతి నెలా పరీక్ష కూడా ఉంది, అదొక్కటే తేడా అని నాకు అనిపిస్తుంది. పరీక్ష పెట్టేవాడు సొంత మంత్రిత్వ శాఖ అయితే మార్కులు వేసేస్తాడు. పరాయి దేశపు కొనుగోలుదారు వేయడు.

కాబట్టి సుంకం పెంచే ఉత్తర్వులోనే తగ్గే తేదీలు రాసి ఉండాలి: ఇన్నేళ్ళు 25 శాతం, తర్వాత రెండేళ్ళు 15, ఆపై 7.5 అని. పొడిగించాలంటే కొత్త చట్టం కావాలి, దానికి సభలో చర్చ జరగాలి. పొడిగింపు ఒక సంతకంతో అయిపోయే చోట గడువు పెట్టడం దండగ.

తాళం వేసిన గోదాము

నడుమ మెట్టు లేకుండానే పైకి ఎక్కి, తర్వాత వెనక్కి వచ్చి ఆ మెట్టు కట్టుకున్న దేశం కూడా ఉంది. 1979లో బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్ దక్షిణ కొరియా కంపెనీ దేవూతో ఉన్న ఒప్పందం ప్రకారం సుమారు 130 మందిని బూసాన్‌కు శిక్షణకు పంపింది. తిరిగొచ్చినవాళ్ళలో చాలామంది తర్వాత సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, ఇతరులకు పని నేర్పారు. కుట్టుపనితో పాటు ఇంకో రెండు ఏర్పాట్లు ఆ పరిశ్రమను నిలబెట్టాయి.

మొదటిది జంట ఎల్‌సీ. ఎల్‌సీ అంటే సరుకు పంపిన పత్రాలు చూపితే డబ్బు చెల్లిస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ పత్రం. విదేశీ కొనుగోలుదారు తన బ్యాంకు ద్వారా ఫ్యాక్టరీ పేర ఒక ఎల్‌సీ తెరుస్తాడు. ఫ్యాక్టరీ బ్యాంకు దాన్ని హామీగా పెట్టుకుని, బట్ట అమ్మే విదేశీ మిల్లు పేర రెండో ఎల్‌సీ తెరుస్తుంది, డబ్బు మూడు నాలుగు నెలల తర్వాత చెల్లించే షరతుతో. బట్ట వస్తుంది, చొక్కాలు అవుతాయి, ఓడ ఎక్కుతాయి, డాలర్లు వస్తాయి. బ్యాంకు ముందు మిల్లు బాకీ తీర్చి మిగిలింది ఫ్యాక్టరీకి ఇస్తుంది. చేతిలో డాలరు లేనివాడు కూడా లక్షల డాలర్ల బట్ట తెప్పించుకోగలిగాడు. రెండోది బాండెడ్ గోదాము. బట్టకు సుంకం కట్టకుండా కస్టమ్స్ తాళం కింద దించుకుని, అదంతా ఎగుమతి అయిందని లెక్క చూపాలి.

లోపం కూడా ఇక్కడే పుడుతుంది. ఒక చొక్కాకు ఎంత బట్ట పడుతుందో ఫ్యాక్టరీ ప్రకటించాలి. కొంచెం ఎక్కువ రాస్తే మిగిలిన బట్ట రాత్రికి రాత్రి స్థానిక బజారుకు చేరుతుంది. సుంకం కట్టని ఆ బట్టతో దేశీయ మగ్గం పోటీ పడలేదు. అంటే పై మెట్టుకు ఇచ్చిన సౌకర్యం నడుమ మెట్టును కొరుక్కుతింటుంది. కొలత ప్రమాణాలు పరిశ్రమ సంఘం చేతిలో కాకుండా, కత్తిరించే బల్ల దగ్గర నిలబడి చూడగల స్వతంత్ర సాంకేతిక సిబ్బంది చేతిలో ఉంటే ఈ కారడం బాగా తగ్గుతుంది.

ఇక వెనక మెట్టు. అల్లిక బట్టల్లో, అంటే టీషర్టుల లాంటి వాటిలో, బంగ్లాదేశ్ నూలు దాకా వెనక్కి వెళ్ళగలిగింది. నేత బట్టల్లో అంత దూరం వెళ్ళలేదు. కారణం ఖర్చులో ఉంది. కుట్టు మిషన్లు అద్దె భవనం మూడో అంతస్తులో కూడా పెట్టవచ్చు. అల్లిక యంత్రాలకు పెట్టుబడి మరికాస్త ఎక్కువ. నేత, దానికి తోడు అద్దకం, ఫినిషింగు అంటే బాయిలర్లు, నిలకడైన గ్యాసు, మెత్తటి నీళ్ళు, రంగు నీటిని శుద్ధి చేసే ప్లాంటు కావాలి. ఒక్క విడత రంగు తేడా వస్తే కొనుగోలుదారు కంటెయినరంతా వెనక్కి పంపుతాడు. ఐరోపా నిబంధన కూడా తన వంతు చేసింది. 2011 దాకా సుంకం లేకుండా ఐరోపాకు పంపాలంటే రెండు దశలు దేశంలోనే జరగాలనేవారు, అంటే బట్ట చేయడం, కుట్టడం. ఆ ఒత్తిడి అల్లిక పరిశ్రమను వెనక్కి తోసింది. 2011లో వెనుకబడిన దేశాలకు ఒక్క దశ చాలని సడలించారు. ఆ జాబితా నుంచి బయటపడి, సర్దుబాటు గడువు కూడా ముగిశాక రెండు దశల నిబంధన మళ్ళీ ఎదురవుతుంది. అప్పటికి నేత, అద్దకం మెట్టు లేనివాళ్ళు సుంకం కట్టాలి.

ముడిసరుకు ఆపితే

పచ్చి ఖనిజం అమ్మడం మానేసి శుద్ధి చేసి అమ్మండన్నది వినగానే న్యాయంగా అనిపిస్తుంది. ఇండోనేషియా నికెల్ ఖనిజం ఎగుమతిని 2014లో ఆపింది, 2017లో సడలించింది, 2020 జనవరి నుంచి మళ్ళీ పూర్తిగా ఆపేసింది. ఐరోపా సమాఖ్య ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి 2022 నవంబరులో గెలిచింది. ఇండోనేషియా అప్పీలు చేసింది. ఆ అప్పీళ్ళు వినాల్సిన విభాగం సభ్యులు లేక 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు కాబట్టి తీర్పు అలాగే ఆగింది. ఈలోపు కొలిమిలు వందల కోట్ల డాలర్ల పెట్టుబడితో వచ్చేశాయి.

ఇది పారడానికి భూగర్భంలోనే కారణం ఉంది. అక్కడి ఎర్రమట్టి ఖనిజంలో నికెల్ రెండు శాతం లోపే ఉంటుంది. ఖనిజాన్ని ఓడలో పంపడమంటే 98 శాతం మట్టికి కిరాయి కట్టడం. గని పక్కనే కరిగిస్తే రవాణా ఖర్చు మిగిలిపోతుంది. పైగా ప్రపంచపు గనుల నికెల్‌లో సగానికి పైగా ఇండోనేషియాదే, కొనేవాడికి వేరే దారి తక్కువ. కొండంత బరువున్న మట్టిని దొంగచాటుగా తరలించడమూ కష్టమే. మూడూ కలిసొచ్చాయి. ఖరీదు కూడా కట్టారు: కొలిమిల కోసం బొగ్గు కరెంటు, ఎక్కువగా చైనా యాజమాన్యం, మోరోవాలిలో 2023 డిసెంబరులో జరిగిన పేలుడులో పోయిన కార్మికుల ప్రాణాలు. ఇవి ఏ ఎగుమతి లెక్కలోనూ కనబడవు గానీ లెక్కలో ఉండాల్సినవే.

మొజాంబిక్ పచ్చి జీడిగింజల కథ ఇంకోలా జరిగింది. ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో 1995లో ఎగుమతి పన్నును 20 నుంచి 14 శాతానికి దించారు. రైతుకు మంచి ధర వస్తుందన్నారు. పన్ను తగ్గగానే గింజలు భారతదేశానికి వెళ్ళాయి, ఒలిచే ఫ్యాక్టరీలు మూతపడి వేల మంది, వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు, పని పోగొట్టుకున్నారు. రైతుకు చేరిన లాభం స్వల్పం, దళారులు నడుమ నిలబడి ఉన్నారు. ఒక్క మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ ఫ్యాక్టరీలు పెద్ద యంత్రాలతో నడిచేవి, వాటిలో పప్పు ఎక్కువగా విరిగేది, విరిగిన పప్పుకు ధర తక్కువ. పన్ను ఆ లోపాన్ని కప్పి ఉంచింది. తర్వాత ఉత్తరాన నంపులా వైపు చిన్న యూనిట్లు పుట్టి, చేతితో తిప్పే కట్టర్లతో, ఆవిరి పట్టి ఒలిచే పద్ధతితో మళ్ళీ నిలబడ్డాయి. ఆ మెట్టు కట్టాల్సింది పన్ను గొడుగు ఉన్న రోజుల్లోనే.

అన్నం దగ్గర

ఆహారం విషయంలో నేను బజారు వాదాన్ని ఒప్పుకోలేను. చొక్కా ఆరు నెలలు ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరు. హైతీ 1980లలో తన బియ్యం దాదాపుగా తానే పండించుకునేది. 1995లో దిగుమతి సుంకం 3 శాతానికి దించింది. సబ్సిడీ మీద పండిన అమెరికా బియ్యం వచ్చి రైతును పొలం నుంచి పట్నపు మురికివాడకు నెట్టింది. ఆ విధానాన్ని వెనకుండి నడిపించిన బిల్ క్లింటనే 2010లో సెనేట్ కమిటీ ముందు అది తన పొరపాటని ఒప్పుకున్నాడు. అప్పటికే హైతీ ప్రజలు తినే బియ్యంలో అధిక భాగం ఓడల్లో వచ్చేది.

శ్రీలంక చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2021లో డాలర్ల కొరత ముంచుకొస్తుండగా రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. సేంద్రియ వ్యవసాయం అన్న పేరు మంచిదే. లెక్క చూడండి. యూరియాలో నత్రజని 46 శాతం. కంపోస్టులో ఒకటి రెండు శాతం. 100 కిలోల యూరియా ఇచ్చే నత్రజని కోసం 2.3 నుంచి 4.6 టన్నుల దాకా కంపోస్టు కావాలి, అదీ నెమ్మదిగా విడుదలవుతుంది, వరి పిలక వేసే సమయానికి అందదు. దేశమంతటికీ అన్ని టన్నులు ఎక్కడ తయారవుతాయి, ఎవరు మోస్తారు? నవంబరులో నిషేధం ఎత్తేశారు. అప్పటికే పంట పోయింది, బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది, 2022 ఏప్రిల్‌లో దేశం విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఎరువులోనూ నడుమ మెట్లే కీలకం. టన్ను యూరియాకు సుమారు 0.57 టన్నుల అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు సహజవాయువు కావాలి. గ్యాసు కూడా ఓడలో వచ్చేట్టయితే యూరియా ప్లాంటు కట్టినంత మాత్రాన ఆధారపడటం పోదు, బస్తా నుంచి ఓడకు మారుతుంది. అయినా అది మెరుగే, గ్యాసు అమ్మేవాళ్ళు ఎక్కువ మంది, ప్లాంటు నడిపే చేతులు దేశంలోనివి. ప్రపంచ ఫాస్ఫేట్ రాతి నిల్వల్లో దాదాపు 70 శాతం ఉన్న మొరాకో కూడా డీఏపీ చేయడానికి గంధకాన్నీ అమ్మోనియానీ బయట కొంటుంది. నిచ్చెన మొత్తం ఒంటరిగా ఎక్కిన దేశం నాకు తెలిసి లేదు.

డాలర్లు, మిగిలిన పనిముట్లు

స్వావలంబనకు కూడా డాలర్లు కావాలి. యంత్రాలు, ఎంజైములు, బేరింగులు మొదట బయటి నుంచే రావాలి కాబట్టి. 1991లో భారతదేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకమే మిగిలి, జూలైలో 47 టన్నుల దాకా బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టాల్సి వచ్చింది. దశాబ్దాల పాటు ఎన్నో సొంతంగా చేసుకున్న దేశం అది. కానీ చమురుకు డాలర్లు తెచ్చే ఎగుమతులు చాలినంత లేవు. కరెన్సీని అసలు విలువ కంటే 30 శాతం ఎక్కువ దగ్గర పట్టి ఉంచితే ఎగుమతి మీద పన్ను వేసినట్టే, దిగుమతికి సబ్సిడీ ఇచ్చినట్టే. ఆ ఒక్క తప్పు ఎంత జాగ్రత్తగా రాసిన సుంకాల పట్టికనైనా చెల్లకుండా చేస్తుంది. అందుకే మారకపు రేటును ప్రతిష్ఠ సమస్యగా చూసే నాయకులంటే నాకు భయం.

కొరియా వాడిన పనిముట్లన్నీ నేడు దొరకవు. స్థానిక సరుకే వాడాలన్న షరతును ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పుకోదు. కార్ల విషయంలో 2002లో, సోలార్ సెల్స్ విషయంలో 2016లో భారతదేశం అలాంటి కేసులే ఓడింది. ఎగుమతికి ముడిపెట్టిన సబ్సిడీ కూడా బాగా పేద దేశాలకు తప్ప నిషిద్ధం. మిగిలినవి తక్కువేం కాదు. మాట ఇచ్చిన గరిష్ఠ సుంకానికీ ఇప్పుడు వసూలు చేస్తున్న సుంకానికీ మధ్య చాలా దేశాలకు ఖాళీ ఉంది. ప్రభుత్వ కొనుగోళ్ళ ఒప్పందంలో చేరని దేశం తన ఆసుపత్రులకూ రైల్వేలకూ దేశీయ సరుకు కొనుక్కోవచ్చు. మొదటి మూడేళ్ళ ఆర్డరు ముందే ఖాయం చేస్తే బ్యాంకు అప్పిస్తుంది. ఇక ఎవరూ అభ్యంతరం చెప్పని పనులు పరీక్షా ప్రయోగశాల, అచ్చులు చేసే టూల్‌రూమ్, ఆగని కరెంటు. ప్లాస్టిక్ భాగం చేసే చిన్న కంపెనీ అచ్చును విదేశంలో చేయించుకుంటే, చిన్న సవరణకు కూడా అది ఓడెక్కి వెళ్ళి రావాలి. గుర్తింపు పొందిన ల్యాబు దేశంలో లేకపోతే ప్రతి నమూనా బయటికి వెళ్ళాలి, ఫలితం వచ్చేసరికి ఆర్డరు గడువు దాటుతుంది. చాలా చోట్ల సుంకం కంటే ఇవే ఎక్కువ పని చేస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఊహతో తేల్చకూడదు. ప్రపంచమంతా ఒకే పద్ధతిలో వాడే ఆరంకెల కస్టమ్స్ కోడ్లు 5,000 పైచిలుకు ఉన్నాయి. మూడేళ్ళ దిగుమతి లెక్కలు తీసి, 60 శాతానికి మించి ఒకే దేశం నుంచి వస్తున్నవి ముందు ఏరాలి. వాటిలో నిల్వ 90 రోజులకు చాలనివి, ఆగితే పెద్ద ఫ్యాక్టరీలనో ఆసుపత్రులనో ఆపేవి వడకట్టాలి. మిగిలిన కొన్ని డజన్లను మూడు కుప్పలు చేయాలి: నిల్వ పెంచితే చాలేవి, రెండో దేశపు సరఫరాదారును వెతుక్కోవాల్సినవి, దేశంలోనే చేసుకోవాల్సినవి. మూడో కుప్ప చిన్నదిగా ఉండాలి, డబ్బూ మనుషులూ దానికే సరిపోతారు. కస్టమ్స్ లెక్క చూపలేని సంగతులు ఫ్యాక్టరీ స్టోర్సు రిజిస్టరులో దొరుకుతాయి. ఏ బేరింగు కోసం, ఏ ఉత్ప్రేరకం కోసం, ఏ సీలు కోసం ఎన్ని రోజులు లైను ఆగిందో స్టోర్‌కీపరు తేదీలతో సహా రాసి పెట్టుకుని ఉంటాడు. జాబితా ఖరారు చేసే ముందు అధికారులు ఆ రిజిస్టరు తెరిచి చూడాలి.